ఉక్కుమూస నుండి ఉదజని ఘటము వరకు

సైదాబాదు నుండి సంతోష్ నగరు మీదుగా దక్షిణముగా పోవు మార్గమున కొంత దూరము సాగినచో కంచన్‌బాగ్ వచ్చును. అచట ఒక కర్మాగారమునకు ‘మిశ్రధాతు నిగమ్’ అని పేరు. మన పేటలవారికి అది ‘మిధాని’. బస్సు కండక్టరు నోట నిత్యము వినబడు ఆ మూడక్షరముల వెనుక మిశ్రధాతువు, అనగా మిశ్రలోహము, అను మాట దాగియున్నదని చాలమంది తలపరు. 1973లో స్థాపితమైన ఈ కర్మాగారమునకు పొరుగుననే, 1963లో ఏర్పడిన రక్షణ లోహ పరిశోధనశాల కలదు. మరికొంత దూరము పోయినచో బాలాపూరు. వినాయక చవితి లడ్డు వేలముతో పేరుపొందిన ఆ ఊరి చెంతనే పొడిలోహములను, నూతన పదార్థములను పరిశోధించు అంతర్జాతీయ కేంద్రమొకటి ఉన్నది. ఆ కేంద్రమునకు చెన్నైలో ఒక శాఖ గలదు. ఉదజని నుండి, అనగా నేడు బడిపిల్లలు హైడ్రోజను అని చదువుచున్న వాయువు నుండి, విద్యుత్తును పుట్టించు ఇంధన ఘటములను రూపొందించుట ఆ శాఖ పని.

లోహమును లోహముతో కలుపుట మనకు క్రొత్త కాదు. బిందెలోని ఇత్తడి రాగియు తుత్తునాగమును కలసినది. దేవుని గంటలోని కంచు రాగియు తగరమును కలసినది. అయినను విలువగల లోహము మాట వచ్చునప్పటికి మన మనస్సు మారును. బంగారములో రాగి కలిసినదనగానే ఇల్లాలు కంసాలి వైపు అనుమానముగా చూచును. మేలైనదానిలో చవుకైనది కలిపిన మేలు తగ్గుననుట లోకమున నిలిచిన నమ్మకము. బంగారముకంటె అరుదుగా త్రవ్వబడు ప్లాటినము విషయమున ఈ నమ్మకము తలక్రిందులైనది. నికెలో కోబాల్టో కలిపిన ప్లాటినము చవుక యగుటయే గాక, ఉదజనిని విద్యుత్తుగా మార్చు పనిలో శుద్ధమైన ప్లాటినముకంటె చురుకైనది కూడ. పొగలేని ఉదజని బస్సు సామాన్యుని టిక్కెట్టు ధరకు నడచునా, లేక వేడుకకు చూపు వస్తువుగానే మిగులునా అను ప్రశ్న చాలవరకు ఈ కలయికపై ఆధారపడియున్నది. ఈ కలయిక చరిత్రను వెనుకకు త్రవ్వుకొనుచు పోయినచో, తెలంగాణము ప్రసిద్ధిగన్న ఒక పాత విద్య కడకు చేరుదుము. అది మూస ఉక్కు.

నిజామాబాదు జిల్లాలో కోనసముద్రము అను గ్రామము కలదు. 19వ శతాబ్ది ఆరంభమున అచటి కమ్మరులు మూసలలో ఉక్కును కరగించుచుండిరి. మహా త్రికోణమితి సర్వేలో భూగర్భ శాస్త్రజ్ఞుడుగా నుండిన హెన్రీ వాయిసీ 1820 ప్రాంతమున ఆ ఊరికి వచ్చి, చూచినదెల్ల వ్రాసిపెట్టెను. ఆయన 1824లో మరణించగా, ఆ వ్రాత 1832లో కలకత్తాలో ప్రచురితమైనది. రెండు వేర్వేరు ఊళ్ళ ఇనుమును 3 పాళ్ళకు 2 పాళ్ళుగా కలిపి, మట్టి మూసలో నుంచి, మూతి మెత్తి, కొలిమిలో గంటల తరబడి కాల్చి, పిమ్మట మెల్లమెల్లగా చల్లార్చుదురని దానివలన తెలియుచున్నది. పారశీక దేశపు వర్తకులు అంత దూరము నుండి వచ్చి, ఆ ఊరిలోనే మకాము చేసి, ఉక్కుముద్దలను కొనిపోవుచుండిరి. డమాస్కసు కత్తులని లోకమున పేరొందిన ఖడ్గములకు ఇట్టి మూస ఉక్కే ముడిసరుకు. కన్నడ, తెలుగు భాషలలోని ఉక్కు అను మాటయే ఆంగ్లేయుల నోట ‘వూట్జ్’ అయినదని పండితుల అభిప్రాయము.

ఈ వూట్జ్ ముద్దలు 18వ శతాబ్ది చివర లండను నగరమునకు చేరినవి. వాటిపై మోజుపడినవారిలో జేమ్స్ స్టోడార్ట్ ఒకడు. శస్త్రవైద్యులకు కత్తులు చేసి అమ్ముట అతని వృత్తి. ఈ ఉక్కుకు వచ్చు పదును మరి దేనికిని రాదని అతని అనుభవము. దీని రహస్యమును తెలిసికొన దలచి, అతడు రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సర్ హంఫ్రీ డేవీ కడ సహాయకుడుగా నున్న ఒక యువకునితో చేయి కలిపెను. ఆ యువకుడు మైకేల్ ఫారడే. విద్యుచ్ఛాస్త్రమునకు పునాదులు వేసిన మహనీయుడుగా ఫారడేను మన మెరుగుదుము గాని, ఆయన తండ్రి ఒక కమ్మరి యనియు, ఆయన తొలినాళ్ళ పెద్ద పరిశోధనలలో ఒకటి హిందూదేశపు ఉక్కును గూర్చినదనియు తెలిసినవారు తక్కువ.

1819లో ఫారడే ఉక్కుముద్దను విశ్లేషించి తన ఫలితమును ప్రకటించెను. ఆ ఫలితము తప్పు. ఉక్కులోని విశేషమునకు కారణము అందులో స్వల్పముగా నున్న అల్యూమినియము, సిలికా వంటి మట్టిధాతువులని ఆయన తలచెను. నిజమునకు కారణము అందలి కర్బనపు పాలును, చల్లారిన తీరును. అయినను ఆ తప్పు ఆయనను ఒక మంచి మార్గమున నిలిపినది. ఏదో ఒక పరధాతువు ఇనుమున చేరుటవలననే ఇంతటి గుణము వచ్చినచో, మనమే బుద్ధిపూర్వకముగా వేర్వేరు ధాతువులను చేర్చి చూడరాదా యని ఫారడే, స్టోడార్ట్ ఆలోచించిరి. 1820, 1822 సంవత్సరములలో ప్రకటించిన వ్యాసములలో వారు ఉక్కునకు వెండి, బంగారము, నికెలు, రోడియము, ప్లాటినము మొదలగువానిని కలిపిన వృత్తాంతము కలదు. వెండిని 500 పాళ్ళకు ఒక పాలు కలిపినచో చాలునని వారు కనుగొనిరి. గుణమును మార్చుటకు రాశి అక్కరలేదు, రవంత చాలును అను సూత్రము ఆ కొలిమిలో తేలినది.

అందొక చిన్న సంగతి మన కథకు ముఖ్యము. ప్లాటినము కొద్దిగా కలిసిన ఉక్కును పలుచని గంధకామ్లములో ముంచినచో, మామూలు ఉక్కుకంటె ఎంతో వేగముగా ఆమ్లము దానిపై పనిచేయుట వారి కంటబడెను. ఇనుము గంధకామ్లములో కరగునప్పుడు పొంగివచ్చు బుడగలు ఉదజనివి. అనగా రవంత ప్లాటినము ఉదజని పుట్టుకను త్వరితము చేసినదన్నమాట. ఆ రోజులలో దీనికి పేరు లేదు. మేలైన కత్తిని వెదకుచున్నవారికి ఆమ్లములో త్వరగా కరగు ఉక్కుతో పనియును లేదు. స్టోడార్ట్ 1823లో మరణించెను. మరి కొద్దికాలమునకు ఫారడే లోహముల పనిని విడిచి విద్యుత్తు వైపు మరలెను.

ప్లాటినమునకు గల ఈ వింత శక్తి అదే కాలమున వేరు త్రోవల బయటపడుచుండెను. గనులలో ప్రమాదము లేని దీపమునకై శ్రమించుచు డేవీ 1817లో వేడి ప్లాటినపు తీగ, మంట లేకయే, గనివాయువును గాలితో కలిపి ఎర్రగా వెలుగుటను చూచెను. 1823లో జర్మనీ దేశీయుడగు డాబరైనరు గుల్లగుల్లగా నున్న ప్లాటినముపైకి ఉదజనిని ఊదగా అది అగ్గిపుల్ల లేకయే అంటుకొన్నది. ఆ సూత్రముపై చేసిన దీపములు యూరపు ఇండ్లలో చాలకాలము వాడుకలో నుండినవి. తాను మారక ఇతర పదార్థములను మార్చు ఇట్టి ద్రవ్యముల ప్రభావమునకు 1835లో స్వీడను రసాయనవేత్త బెర్జీలియసు పేరు పెట్టెను. మన శాస్త్రగ్రంథములలో అట్టి ద్రవ్యము ఉత్ప్రేరకము.

ఫారడే మరల ప్లాటినమును తాకినది 1833లో. విద్యుత్తుచే నీటిని ఉదజని, ఆమ్లజనులుగా విడదీసి గాజుగొట్టమున పట్టి కొలుచుచుండగా, ఆ వాయువులు ఎవరును ముట్టకయే క్రమముగా తరిగిపోవుట ఆయన గమనించెను. గొట్టమునకు రంధ్రము లేదు. కారణమేమని పరీక్షింపగా, లోపల విడిచిన ప్లాటినపు రేకులే ఆ రెండు వాయువులను మరల నీరుగా కలుపుచున్నవని తేలినది. రేకు ఎంత నిర్మలముగా నున్న అంత చురుకుగా పనిచేయునని ఆయన 1834లో ప్రకటించిన వ్యాసములో నిరూపించెను. ఉత్ప్రేరకపు పని అంతయు దాని ఉపరితలముననే జరుగుననుటకు ఇది తొలి గట్టి సాక్ష్యములలో ఒకటి.

నీరుగా కలియుచున్న ఆ రెండు వాయువుల శక్తిని విద్యుత్తుగా పట్టుకొనవచ్చునని చూపినవాడు విలియం గ్రోవు. స్వాన్‌సీ నగరమున పుట్టి, న్యాయవాదిగా పనిచేసి, తరువాత న్యాయమూర్తియైన ఈయనకు విజ్ఞానశాస్త్రము ప్రియమైన వ్యాసంగము. 1839లో ప్లాటినపు రేకులతో ఆయన తొలి ప్రయోగము సాగినది. స్విట్జర్లండులో షోన్‌బైను అదే సమయమున ఈ విషయమును గుర్తించెను. 1842 అక్టోబరు 22న గ్రోవు తన ‘వాయు బ్యాటరీ’ని వర్ణించుచు ఒక లేఖ వ్రాసెను. ఆ లేఖ ఎవరికో కాదు, ఫారడేకే. వాయువు, ద్రవము, లోహము మూడును ఒకచోట కలియు హద్దునందే విద్యుత్తు పుట్టుచున్నదనియు, ఆ హద్దును విశాలము చేయుటయే అసలు చిక్కు అనియు గ్రోవు గుర్తించెను. దాదాపు రెండు శతాబ్దములు గడచినను శాస్త్రజ్ఞులు నేటికిని పెనగులాడుచున్నది ఆ చిక్కుతోనే.

తరువాతి కథను వేగముగా చెప్పవచ్చును. 1889లో మాండు, లాంగరు అను వారు గ్రోవు ఘటమును బాగుచేయజూచి, ప్లాటినము ఖర్చును చూచి వెనుకంజ వేసిరి. 1894లో జర్మను శాస్త్రజ్ఞుడు ఆస్ట్‌వాల్డు, రానున్న శతాబ్దమునకు బొగ్గు పొగలు లేని విద్యుత్తు ఇంధన ఘటముల నుండియే రావలెనని ఉద్ఘోషించెను. అయితే అప్పటికే డైనమోలు లోకమున పాతుకొనిపోయినవి. ఇంగ్లండులో ఫ్రాన్సిసు బేకను 1932 నుండి శ్రమించి, ప్లాటినము లేకుండ నికెలుతోనే, 1959 నాటికి 5 కిలోవాట్ల ఘటమును నడిపి చూపెను. చంద్రుని చేరిన అపోలో నౌకలకు విద్యుత్తు నిచ్చినవి ఆయన పద్ధతి ననుసరించిన ఘటములే. ఇంతలో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన గ్రబ్, నీడ్రాక్ ఆమ్లద్రవమునకు బదులు పలుచని ప్లాస్టిక్ పొరను వాడి, దానిపై ప్లాటినమును అద్దిరి. ఈ పొర ఘటము 1965 ఆగస్టులో జెమినీ 5 నౌకలో ఆకాశమున కెగసినది. నేటి ఉదజని కార్లలోను బస్సులలోను ఉన్నది దాని సంతతియే.

ఆ ఘటము పనిచేయు తీరు ఇది. పొరకు ఒకవైపున ఉదజని, రెండవవైపున గాలి. ఉదజని ప్లాటినమును తాకి ప్రోటాను, ఎలక్ట్రానులుగా విడిపోవును. ప్రోటానులు పొర గుండా పోవును. ఎలక్ట్రానులకు ఆ దారి లేదు గనుక అవి తీగ వెంట చుట్టు తిరిగి పోవును. ఆ ప్రయాణమే మనకు విద్యుత్తు. ఆవలి వైపున అవి యన్నియు గాలిలోని ఆమ్లజనితో కలిసి నీరగును. ఉదజని వైపు పని నిమిషమాత్రమున జరిగిపోవును. ఆమ్లజని వైపు పని మందము. లెక్క ప్రకారము ఒక ఘటమునకు 1.23 వోల్టులు రావలసియుండగా, పని జరుగునప్పుడు సుమారు 0.7 వోల్టులే మిగులుటకు ముఖ్య కారణము ఆమ్లజని మందకొడితనమే.

ఈ మందకొడితనమునకు మూలమేమి? పెండ్లివారింటి బంతి భోజనములను తలచుకొనుడు. విస్తళ్ళు పరచియున్నవి. అతిథులు వచ్చి కూర్చుండవలెను, తిని లేవవలెను, తరువాతి బంతికి చోటు కావలెను. ఆదరము చాలనిచో అతిథి కూర్చుండనే కూర్చుండడు. ఆదరము మితిమీరి, తినినవారు లేవక కబుర్లాడుచు కూర్చున్నచో, తరువాతివారు గుమ్మముకడ నిలిచియుందురు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సబాటియే చెప్పిన సూత్రము ఇదియే: ఉత్ప్రేరకము పట్టుకొనుటయు విడుచుటయు సమముగా నెరిగియుండవలెను. ఈ పనికి తెలిసిన శుద్ధలోహములలో ప్లాటినమే మేలైనది. అయినను అది ఆమ్లజనిని కావలసినదానికంటె కొంచెము గట్టిగా పట్టుకొనును. 2004లో డెన్మార్కుకు చెందిన నోర్‌స్కోవు, ఆయన సహచరులు ఈ ‘కొంచెము’ ఎంతయో గణితము ద్వారా లెక్కగట్టిరి.

ప్లాటినము కొరత యొక్క స్వరూపము కూడ తెలిసికొనవలెను. ప్రపంచమున ఏటేటా గనుల నుండి వచ్చు ప్లాటినము సుమారు 180 టన్నులు. అందు మూడింట రెండు పాళ్ళకు మించి దక్షిణాఫ్రికా నుండియే వచ్చుచున్నది. ప్లాటినము మిక్కిలి బరువైన లోహము గనుక, లోకమంతటి ఒక సంవత్సరపు పంట మన ఇండ్లలోని ఒక పూజగదిలో ఇమిడిపోవును. ఆ గదిలోని దానినే నగలవారు, మందులవారు, పెట్రోలు శుద్ధిచేయువారు, కార్ల పొగగొట్టములవారు పంచుకొనవలెను. అట్టి లోహముతో లోకమునందలి బస్సులను, లారీలను నడుపవలెనన్నచో పొదుపే మార్గము.

పొదుపునకు తొలి ఉపాయము చిన్నచేయుట. ఒక గ్రాము ప్లాటినమును ఘనాకారపు ముక్కగా చేసినచో దాని ఉపరితలము ఒక చదరపు సెంటీమీటరు కూడ నుండదు. దానినే 3 నానోమీటర్ల రేణువులుగా చేసినచో, ఒక్కొక్క రేణువున ఉండునవి సుమారు వేయి పరమాణువులే యగును. ఆ రేణువులన్నిటి ఉపరితలమును కలిపినచో 110 గజముల ఇంటి స్థలమంత వచ్చును. ఇట్టి రేణువులను మసివంటి కర్బనపు పొడిపై నిలిపి పొరకు పూయుదురు. 1980ల చివర అమెరికాలోని లాస్ అలామోస్ పరిశోధనశాలవారు ఈ పూతలో పొర పదార్థమును కూడ కలిపి, చదరపు సెంటీమీటరుకు 4 మిల్లీగ్రాములు పట్టు ప్లాటినమును 0.4 మిల్లీగ్రాముకు తగ్గించిరి. గ్రోవు కోరిన విశాలమైన హద్దు వారికి అట్లు లభించినది.

రెండవ ఉపాయము కలుపుట. 1983లో వినోద్ జలాన్, టేలరు అను పరిశోధకులు ఫాస్ఫారిక్ ఆమ్ల ఘటములలో ప్లాటినమునకు ఇతర లోహములను కలిపి, పరమాణువుల నడిమి దూరము తగ్గినకొలది ఆమ్లజని చర్య చురుకగుచున్నదని ప్రకటించిరి. 1993లో టెక్సాసులో సంజీవ్ ముఖర్జీ, సుప్రమణ్యం శ్రీనివాసన్ పొర ఘటములలో నికెలు, క్రోమియము, కోబాల్టు కలిపిన ప్లాటినము శుద్ధ ప్లాటినమును మించుచున్నదని చూపిరి. కారణము బంతి భోజనపు పోలికతో స్పష్టమగును. నికెలు, కోబాల్టు పరమాణువులు ప్లాటినపు పరమాణువులకంటె చిన్నవి. అవి నడుమ చేరినప్పుడు ప్లాటినపు అల్లిక బిగియును, దాని ఎలక్ట్రానుల స్థితి మారును, ఆమ్లజనిపై పట్టు కొంచెము సడలును. తినిన అతిథి లేచును. తరువాతివానికి చోటు దొరకును.

2007లో అమెరికాలోని ఆర్గోన్, బర్క్‌లీ పరిశోధనశాలలకు చెందిన స్టమెంకోవిచ్, మార్కోవిచ్ ప్రభృతులు ఈ సంగతిని పరాకాష్ఠకు చేర్చిరి. మూడు పాళ్ళు ప్లాటినము, ఒక పాలు నికెలు గల స్ఫటికమును వారు ఒక ప్రత్యేకమైన ముఖము పైకి వచ్చునట్లు కోసి పరీక్షించిరి. దాని పైపొర అంతయు ప్లాటినము. క్రిందిపొరలో నికెలు అధికము. అది అదే ముఖముగల శుద్ధ ప్లాటినముకంటె 10 రెట్లును, వాడుకలోని ప్లాటినపు పొడికంటె 90 రెట్లును చురుకైనదని తేలినది. ఈ ఫలితము పరిశోధకులకు ఒక దారి చూపినది. పైన ప్లాటినము, లోపల వేరు లోహము. ఏ పరమాణువు ఎచట నుండవలెనో ముందుగా నిర్ణయించి రేణువును కట్టుట. అప్పటికే బ్రూక్‌హేవన్ పరిశోధనశాలలో అజిచ్ బృందమువారు చవుకలోహపు గింజపై ఒకే ఒక పరమాణువు మందము గల ప్లాటినపు తొడుగు వేయ నేర్చియుండిరి. మరికొందరు మిశ్రలోహపు రేణువును ఆమ్లమున కడిగి, పైనున్న చవుకలోహమును తొలగించి, ప్లాటినమును మాత్రము నిలిపిరి. 2014లో నికెలు కరగిపోగా అంచులు మాత్రము పంజరమువలె మిగిలిన రేణువులు వెలువడినవి. లోపలి వైపునను వెలుపలి వైపునను పనిచేయుటచే అవి ప్రతి గ్రామునకు 36 రెట్లు చురుకైనవని ప్రకటితమైనది. ఆ సంవత్సరము డిసెంబరులోనే జపానులో టయోటా సంస్థ విక్రయమునకు పెట్టిన ‘మిరాయ్’ కారులో కోబాల్టు కలిసిన ప్లాటినమే ఉత్ప్రేరకము. అట్టి కారొకదానిలో 30 గ్రాముల మేరకు ప్లాటినము ఉండునని అంచనా.

ఇంతటితో కథ సుఖాంతమైనదని తలపరాదు. ద్రవములో ముంచి పరీక్షించినప్పుడు 36 రెట్లు పనిచేసిన రేణువు, నిజమైన ఘటమున పెట్టినప్పుడు అంత పని చేయదు. కారు ఆగుచు సాగుచు పోవు కొలది నికెలు, కోబాల్టు ఆమ్లపు పొరలోనికి కరగి, పొరను పాడుచేయును. చిన్న రేణువులు కరగి పెద్దవానిపై చేరి, చిన్నచేసిన శ్రమ వృథయగును. ఈ పరిణామమునకు ఆస్ట్‌వాల్డు పేరే పెట్టియుండుట విధి విలాసము. ఇంధన ఘటములకు మంచిరోజులు కోరినవాడు వాటి శత్రువును గూడ వర్ణించిపోయెను. దీనికి విరుగుడుగా ప్లాటినము, కోబాల్టు పరమాణువులను చెల్లాచెదరుగా గాక వరుస తప్పక అమర్చుచున్నారు. అట్లమర్చినచో కోబాల్టు సులభముగా జారిపోదు. అమెరికా ప్రభుత్వము పెట్టుకొన్న లక్ష్యము చదరపు సెంటీమీటరుకు 0.125 మిల్లీగ్రాము. అది నెరవేరినచో కారునకు సుమారు 10 గ్రాములు చాలును. పెట్రోలు కారు పొగగొట్టమున నేడు వాడు అరుదైన లోహములు కొన్ని గ్రాములే గనుక, పోటీ అచటికి చేరువైనట్లగును. దీనికి తోడు ఉదజని తనంతట దొరకు వస్తువు కాదు. నేడు లోకమున ఎక్కువ భాగము సహజవాయువు, బొగ్గుల నుండియే తీయబడుచున్నది. సూర్యకాంతితో, గాలితో వచ్చిన విద్యుత్తుచే నీటి నుండి తీసినప్పుడే పొగలేని బస్సు అను మాటకు అర్థము.

మన దేశమున, మన తెలుగు నేలపై ఈ విషయమున జరిగినదేమి? గత శతాబ్దపు చివరి దశాబ్దములలో భెల్ సంస్థవారి హైదరాబాదు పరిశోధన విభాగము ఫాస్ఫారిక్ ఆమ్ల ఘటములపై కృషి సాగించెను. బాలాపూరు కేంద్రపు చెన్నై శాఖ పొర ఘటములను రూపొందించుచున్నది. కడప యోగి వేమన విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర శాఖలో మిశ్రలోహపు నానోరేణువులపై పరిశోధనలు జరిగినవి. 2024 జనవరి 1న శ్రీహరికోట నుండి ఎగసిన పి.ఎస్.ఎల్.వి. సి58 రాకెట్టు చివరి దశలో మన అంతరిక్ష సంస్థ ఒక ఇంధన ఘటమును నిలిపి, 350 కిలోమీటర్ల ఎత్తున 180 వాట్ల విద్యుత్తును పుట్టించెను. కేంద్ర ప్రభుత్వము 2023 జనవరిలో 19,744 కోట్ల రూపాయలతో హరిత ఉదజని పథకమును ఆమోదించినది. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల ఉదజనిని ఉత్పత్తి చేయవలెనని దాని సంకల్పము. 2023 సెప్టెంబరులో ఢిల్లీ వీధులలో ఉదజని బస్సు కదలినది. ఆ సంవత్సరమే హైదరాబాదు కేంద్రముగా గల ఒలెక్ట్రా సంస్థ తన ఉదజని బస్సును ప్రకటించినది. విశాఖపట్టణము చెంతనున్న పూడిమడకలో ఉదజని కేంద్రమునకు 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగినది.

ఉదజనిని మనము తీయగలము. ఎండకు మనకు కొదువ లేదు. ప్లాటినపు గనులు మాత్రము మన తెలుగు దేశమున లేవు. కొనవలసినదే. కొన్న ఒక గ్రాముతో ఇతరులు పది గ్రాములతో చేయు పనిని చేయగల విద్య మన చేతనున్నచో ఆ బస్సు మనదగును. లేనిచో బస్సుతోపాటు దాని ఉత్ప్రేరకమును కూడ వారు చెప్పిన ధరకు తెచ్చుకొనవలసివచ్చును.

ఈ సందర్భమున ఒక పెట్టెను, ఒక దిబ్బను తలచుకొనక తప్పదు. ఫారడే చేసిన మిశ్రలోహపు ముక్కలు 79 ఒక చెక్కపెట్టెలో వందేండ్లకు పైగా నిలిచియుండినవి. సర్ రాబర్టు హాడ్‌ఫీల్డు వాటిని క్రొత్త సాధనములతో పరీక్షించి 1931లో ఒక గ్రంథమును ప్రకటించెను. ప్లాటినము ఏ ముక్కలో ఎంత కలదో అందు తేలినది. తప్పుగా తలచిన సంగతితో సహా ఫారడే చేసిన ప్రతి పనికి వ్రాత గలదు, వస్తువు గలదు. కోనసముద్రమున నిలిచినది చిట్టెపు దిబ్బలు, పగిలిన మూసల పెంకులు. 2006లో జర్మనీలోని డ్రెస్డెన్ శాస్త్రజ్ఞులు 17వ శతాబ్దపు డమాస్కసు ఖడ్గమొకదానిలో కర్బనపు నానోనాళములు కనుగొంటిమని ప్రకటించిరి. మూస ఉక్కునకు అట్టి అల్లిక నిచ్చిన కమ్మరులు అది ఎట్లు వచ్చెనో ఎచటను వ్రాసియుంచలేదు. చవుకైన విదేశపు ఉక్కు వచ్చి కొలిమిని ఆర్పినప్పుడు, ఆ చేతులతోపాటు ఆ విద్యయు పోయినది. 2010లో మన దేశపు, ఇంగ్లండు దేశపు పరిశోధకులు కలసి ఉత్తర తెలంగాణపు పల్లెలలో తిరిగి, ఆ దిబ్బలను లెక్కించి, పెంకులను ఏరి, పోయిన విద్యను చిట్టెము నుండి చదువవలసివచ్చినది.

సైదాబాదు మీదుగా ఉదయమున కంచన్‌బాగ్ వైపు పోవు బస్సులలో కర్మాగారములకు, పరిశోధనశాలలకు పోవువారు ఎందరో కూర్చుందురు. వారి సంచులలో భోజనపు డబ్బాతోపాటు ఒక వ్రాతపుస్తకము ఉండును. ఏ పాళ్ళలో ఏ లోహమును కలిపిరో, ఎంత వేడి చేసిరో, ఎంత నెమ్మదిగా చల్లార్చిరో అందు వ్రాసియుందురు. కోనసముద్రపు కొలిమి కడ లేకపోయినది ఆ పుస్తకమే.